ఉత్తరాంధ్రలో కళాకారులకూ రచయితలకూ సమాజం అండ

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో కవులూ కథకులూ, పాటగాళ్ళూ ఆటగాళ్ళూ ఎవరి అండతో నిలబడ్డారన్నది ఈ వ్యాస విషయం. ఆ అండ సంస్థానం కొలువుగా వచ్చింది, ఇల్లాలు పెట్టిన అన్నంగా వచ్చింది, మిత్రుల చందాగా, అమ్మవారి పండగకు కుదిరిన మేళంగా, ప్రభుత్వ పథకంగా వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి పార్వతీపురం, పాలకొండ, సీతంపేట, కురుపాం, సాలూరు ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. వాటిని వదిలేస్తే ఈ చరిత్ర సగమే మిగులుతుంది కనుక ఇక్కడ మూడు జిల్లాలనూ కలిపే చూడాలి.

వానను నమ్ముకున్న సేద్యం, ఏటా సాగే వలసలు ఈ సీమ లక్షణాలు. ఇక్కడ పెద్ద దాతలు తక్కువ. పత్రికలూ ప్రచురణ సంస్థలూ చాలాకాలం మద్రాసులో, బెజవాడలో, ఆ తర్వాత హైదరాబాదులో ఉండేవి. అయినా ఆధునిక తెలుగు నాటకానికీ, కథకూ, ఉద్యమ పాటకూ గట్టి పునాది వేసిన వాళ్ళు చాలామంది ఈ నేల మీదే పనిచేశారు. రాజ్యాలు పోయాక, దాతలు కన్నుమూశాక కూడా నిలిచిన సంస్థలను చూస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది: కళాకారులూ వాళ్ళను అభిమానించే జనమూ కలిసి తమ చేతుల్లోకి తీసుకున్నవే ఎక్కువకాలం బతికాయి. ఈ అండ అచ్చులోకి వచ్చిన రచయితకు అందినంతగా జముకు అనే జానపద వాద్యం వాయించే మనిషికి అందలేదన్నది దాని పక్కనే చెప్పుకోవలసిన మాట.

సంస్థానం, సంగీత కళాశాల, మధూకరం

విజయనగరం సంస్థానంలో ఆనంద గజపతిరాజు కాలం సాహిత్యానికి మంచి రోజులు. ఆయన కొలువులో ఉన్న గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కాన్ని 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవాళ్ళు తొలిసారి ఆడారు. నాటకం అచ్చయింది 1897లో. అంటే పుస్తకం కావడానికి ఐదేళ్ళ ముందే అది ఊరి నటుల నోట నలిగింది, ఊరి ప్రేక్షకుల ముందు నిలబడింది. గురజాడ ఆ తర్వాత దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈరోజు మనం చదివేది దాన్నే. రాజాశ్రయం గురించి ఎప్పుడూ చెప్పుకుంటాం గానీ, ఆ నాటకాన్ని భుజాన వేసుకున్న సభ గురించి చెప్పుకునేది తక్కువ.

1919 ఫిబ్రవరి 5న విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టించారు. శ్రీ విజయరామ గానపాఠశాల అన్న పేరుతో మొదలై, అదే ఇప్పుడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నడుస్తోంది. మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ఆయన తర్వాత ఆ పీఠం ఎక్కారు. కొలువులో కచేరీ చేసే విద్వాంసుడికి సంభావన ఇవ్వడం పాత పద్ధతి. విద్వాంసుడికి జీతమిచ్చి, ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు పాఠం చెప్పించడం ఇక్కడ కొత్త. సంస్థానం పోయినా కళాశాల ఉంది, పి. సుశీల సహా ఎందరో సినీ, శాస్త్రీయ గాయకులు అక్కడే చదువుకున్నారు.

అయితే రాజు కట్టించిన బడిలో చదివే పిల్లవాడికి అన్నం పెట్టింది ఊరే. కృష్ణాజిల్లా నుంచి సంగీతం కోసం విజయనగరం వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదివారు. సాలూరు చినగురువుగారని పేరుపడ్డ పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి పాఠం చెప్పారు. తన జోలెలో మొదటి ముద్ద వేసింది కళావర్ రింగ్ అని ఊరు పిలుచుకున్న కళావంతురాలు సరిదె లక్ష్మీనరసమ్మ అని ఘంటసాల కృతజ్ఞతతో తలుచుకునేవారు. సమాజం ఓ మూలకు నెట్టేసిన ఒక స్త్రీ చేతి ముద్దతో తెలుగువాళ్ళ గొంతు నిలబడింది. కళాపోషకుల జాబితాలు రాసేవాళ్ళు ఆమె పేరును రాజుల పేర్ల పక్కనే రాయాలి.

రచయితల ఇళ్ళు, స్మారక పురస్కారాలు

సంస్థానం నీడ తగ్గుతున్న కాలంలో విజయనగరం రచయితలకు మిత్రుల కూటమే ఆసరా అయింది. చాసోగా ప్రసిద్ధుడైన చాగంటి సోమయాజులు, కవి శ్రీరంగం నారాయణబాబు, మహారాజా కళాశాల ఆంగ్లాచార్యుడు రోణంకి అప్పలస్వామి ఒక జట్టు. యూరప్ సాహిత్యాన్ని చదివి, వాదించుకుని, ఒకరి రచన ఒకరికి వినిపించుకుని సానపట్టుకున్నారు. చాసో కథల్లోని చెక్కుడుకు ఆ గోష్ఠుల వాటా ఉందని నమ్మవచ్చు. 1943లో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడ్డాక ఇలాంటి కూటములకు రాష్ట్రమంతటా బంధుత్వం దొరికింది.

1994 జనవరి 1న చాసో కన్నుమూశాక ఆయన కుమార్తె, రచయిత్రి చాగంటి తులసి చొరవతో చాసో స్ఫూర్తి పురస్కారం మొదలైంది. ఆయన పుట్టినరోజు జనవరి 17న విజయనగరంలో దాన్ని అందజేస్తారు. గురజాడ వర్ధంతి అయిన నవంబరు 30న గురజాడ సాంస్కృతిక సమాఖ్య ఆయన పేర పురస్కారం ఇస్తోంది. గురజాడ నివసించిన ఇల్లు స్మారకమై సందర్శకులకు తెరిచి ఉంది. పురస్కారం ఒక్కరోజు సంబరమే కావచ్చు. కానీ రాజధానికి దూరంగా ఉన్న ఊళ్ళో ఏటా ఒక తేదీన రచయితలు తప్పక కలుసుకునే ఏర్పాటు విలువ ఆ నగదు కంటే పెద్దది.

మన్యం అంచున పార్వతీపురం, కురుపాం వైపు ఈ పని చేసింది ఉపాధ్యాయులు. కవి, కథకుడు గంటేడ గౌరునాయుడు నడిపిన స్నేహకళాసాహితి కొత్తగా రాసే వాళ్ళను కూడగట్టి, సభలు పెట్టి, పుస్తకాలు అచ్చు వేయించింది. అట్టాడ అప్పలనాయుడి కథలు, గిరిజన జీవితాన్ని లోపలి నుంచి చెప్పిన మల్లిపురం జగదీశ్ శిలకోల సంపుటి వచ్చిన నేల ఇదే. జీతం రాళ్ళలోంచి మిగిల్చి పుస్తకం వేసుకోవడం, ఆ పుస్తకాలను సభలో చేతికందించి అమ్ముకోవడం ఇక్కడి ప్రచురణ పద్ధతి. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. ఈ మూడు జిల్లాల మాండలికం ఈనాటి కథలో ఇంత ధీమాగా వినిపిస్తోందంటే కారణం ఆ చిన్న సంఘాలే.

కథానిలయం

రచయితలంతా కలిసి తమకోసం నిలబెట్టుకున్న సంస్థల్లో తెలుగునాట మొదట చెప్పవలసినది శ్రీకాకుళంలోని కథానిలయం. దీన్ని 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. స్థాపకుడు కారా మాస్టారుగా అందరికీ తెలిసిన కాళీపట్నం రామారావు. 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టి, విశాఖపట్నంలో సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, 1979లో ఉద్యోగ విరమణ చేశారు. 1964లో వచ్చిన యజ్ఞం కథతో తెలుగు కథ చర్చనే మలుపు తిప్పిన మనిషి. యజ్ఞంతో తొమ్మిది సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వస్తే, ఆ సొమ్మును తన కథల కోసం కాక అందరి కథల కోసం పెట్టారు. దానికి మిత్రులూ అభిమానులూ ఇచ్చిన విరాళాలు కలిసి మేడ లేచింది. ట్రస్టు ఏర్పడింది.

ఆలోచన చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం: తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలి. తెలుగు కథ ఎక్కువగా పత్రికల్లో పుట్టింది. పత్రిక పాతకాగితాల కొట్టుకు వెళితే కథ కూడా వెళ్ళింది. పేరున్న రచయితకు సంపుటి మిగులుతుంది. జీవితంలో నాలుగైదు కథలు రాసి ఊరుకున్న గుమాస్తా, పల్లెటూరి పంతులు, పెళ్ళయ్యాక కలం పక్కన పెట్టిన స్త్రీ మాత్రం చరిత్రలోంచి జారిపోతారు. వాళ్ళ ఒక్క కథనైనా దక్కించుకోవాలన్నది మాస్టారి పట్టుదల. రచయితలకు ఆయన ఉత్తరాలు రాశారు. మీ కథలు ఏ పత్రికలో ఏ ఏడాది వచ్చాయి, పుట్టిన ఊరు ఏది, ఫోటో ఉందా అని అడిగారు. జనం సంపుటాలు పంపారు, పాత పత్రికల కట్టలు మోసుకొచ్చారు, జిరాక్సులు తీసి ఇచ్చారు. నిలయం గోడల మీద కథకుల ఛాయాచిత్రాలు వరసగా ఉంటాయి. అందులో మహామహులతోపాటు మనం పేరు కూడా వినని వాళ్ళు ఉంటారు. ఎనభై దాటిన వయసులోనూ మాస్టారు అక్కడ కూర్చుని జాబితాలు సరిచూసుకునేవారు.

ఆ సేకరణ ఫలితం సాహిత్య చరిత్ర మీద నేరుగా పడింది. 1910లో వచ్చిన గురజాడ దిద్దుబాటు తొలి తెలుగు కథ అన్న మాట చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో తిరిగింది. పాత పత్రికలు ఒకచోట చేరాక, వివిన మూర్తి వంటి కథకులు వాటిని ఓపికగా తిరగేశాక, అంతకు ముందే వెలువడ్డ కథలు ఎన్నో వెలుగులోకి వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే కథలు రాసిన భండారు అచ్చమాంబకు దక్కవలసిన చోటు దక్కుతోంది. గురజాడ సొంతసీమలో వెలసిన సంస్థే గురజాడ కంటే ముందున్న వాళ్ళను వెతికి చూపడం ఎంత నిజాయితీగల పనో గుర్తించాలి.

తర్వాతి దశలో మనసు ఫౌండేషన్ సహకారంతో పత్రికలనూ కథలనూ స్కాన్ చేసి, కథానిలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా అందుబాటులో పెట్టారు. అమెరికాలో పరిశోధన చేసే విద్యార్థి అయినా, పలాసలో డిగ్రీ చదివే అమ్మాయి అయినా ఇప్పుడు ఒకే కథను ఒకే క్షణంలో తెరవగలరు. ఏటా ఫిబ్రవరిలో జరిగే వార్షిక సభకు రెండు రాష్ట్రాల నుంచీ కథకులు వస్తారు. 2021 జూన్ 4న మాస్టారు శ్రీకాకుళంలో కన్నుమూశారు. నిలయం ఆగలేదు. ఒక్క మనిషి కలగన్న సంస్థ ఆ మనిషి తర్వాత కూడా నడవడం మన దగ్గర అరుదు. ఇక్కడ అది సాధ్యమైందంటే ట్రస్టు పత్రం ఒక్కటే కారణం కాదు. వేలాది మంది రచయితల సొంత కాగితం ముక్క ఆ మేడలో ఉంది, అది తమదేనని వాళ్ళు అనుకుంటారు.

పాట, ఆట, ఉద్యమం

జముకులకథ ఈ ప్రాంతపు సొంత కథారూపం. ఒకవైపు చర్మం బిగించి, లోపలి నుంచి తంత్రి లాగి మీటే వాద్యం జముకు. కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. ఎల్లమ్మ కథ వంటివి రాత్రంతా చెప్పేవారు. బొడ్డపాడులో అర్చకత్వం చేసిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో ఈ రూపాన్ని శ్రీకాకుళ రైతాంగ, గిరిజన పోరాటాన్ని చెప్పడానికి వాడుకున్నారు. 1969 డిసెంబరులో ఆయన పోలీసు కాల్పుల్లో మరణించారు. రాజకీయంగా ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఊరి దేవత కోసం పుట్టిన వాద్యం కూలి రేటు గురించీ భూమి గురించీ మాట్లాడిందన్నది కళాచరిత్రలో పెద్ద ఘటన.

పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఆ దారిని ఇంకా వెడల్పు చేశారు. విశాఖ షిప్‌యార్డు కార్మికుడైన ఆయన విప్లవ సాంస్కృతిక బృందం జననాట్యమండలితో కలిసి ఊరూరా ఆడారు, పాడారు. భూమి భాగోతం వంటి నృత్యరూపకాలు తయారుచేశారు. ఆయన పాటల్లోని నుడికారం ఉత్తరాంధ్ర కూలీల నోటిది. తెలుగు దేశమంతా ఆ యాసను పాడుకుంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న పురస్కారం ఇచ్చింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయారు. ఉద్యమ కళాకారుడికి జనమే అండ. ఊరికి వెళితే బువ్వ, పడకకు చాప, తిరుగు ప్రయాణానికి బస్సు ఛార్జీ. జనం ప్రేమ ఎంత ఉన్నా ముసలితనానికి పింఛను కాలేదు, పిల్లల చదువుకు ఫీజు కాలేదు. ఆ లోటును ఉద్యమాలూ తీర్చలేదు, సంఘాలూ తీర్చలేదు.

తప్పెటగుళ్ళది వేరే కథ. గొల్లవారి ఆరాధనలోంచి పుట్టిన ఈ ఆటలో బృందమంతా గుండెల మీద గుండ్రని రేకు తప్పెటలు కట్టుకుని, నడుముకు గజ్జెలు బిగించుకుని, పాట వేగం పెరిగేకొద్దీ ఎగురుతారు. చివరకు ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురాలు కడతారు. ఆడేవాళ్ళు గొర్రెల కాపరులు, రైతుకూలీలు. నేర్పేది బృందంలోని గురువే. కోతలయ్యాక అమ్మవారి సంబరాలకు ఊరి పెద్దలు బయానా ఇచ్చి మేళం కుదుర్చుకుంటారు. ఊరే నిర్వాహకుడు, ఊరే ప్రేక్షకుడు. ఈ ఏర్పాటు ఎంతో కాలం ఎవరి సాయమూ లేకుండా సాగింది. దాన్ని దెబ్బతీసింది వలస. పదిహేను ఇరవైమంది ఉండవలసిన బృందంలో సగంమంది హైదరాబాదులోనో చెన్నైలోనో భవన నిర్మాణంలో ఉంటే సాధన ఎక్కడ, ఆట ఎక్కడ? సంబరాల్లో డీజే పెట్టెలు చేరాక మిగిలిన మేళాలకూ పిలుపులు తగ్గాయి.

ప్రభుత్వ సాయం ఉంది. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో జరిగే ఉత్సవాల్లో జానపద బృందాలకు వేదిక దొరుకుతుంది. తంజావూరు కేంద్రంగా పనిచేసే దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం గురుశిష్య పరంపర పథకం కింద గురువుకూ శిష్యులకూ భృతి ఇస్తుంది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ఎన్నో గొంతులను రికార్డు చేసింది. వీటన్నిటికీ ఒకే చిక్కు: దరఖాస్తు రాయడం. నూరు కీర్తనలు నోటికొచ్చిన గురువు ఒక్క ఫారం నింపలేక ఆగిపోతాడు. ఊళ్ళోని బడిపంతులో, కళాశాల విద్యార్థో ఆ ఒక్క పనికి తోడుంటే చాలు, పథకం బృందం దాకా వస్తుంది.

చేతిపనివాళ్ళ విషయంలో పరిస్థితి కొంత మెరుగు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలవారు పనస మానుతో చేసే బొబ్బిలి వీణకూ, బుడితి కంచు ఇత్తడి సామానుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రభుత్వ లేపాక్షి దుకాణాల ద్వారా అమ్మకం ఉంది. ఎక్కువ అమ్ముడుపోయేది మాత్రం బహుమతికిచ్చే బుల్లి వీణ. వాయించే వీణ కొనేవాళ్ళు తక్కువ.

సవరల గోడలు

గిరిజనులతో కలిసి పనిచేయడం ఎలాగో చూపిన తొలి పెద్ద గిడుగు రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవర తెగ మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆయన దగ్గర భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలూ పాటలూ కథలూ సమకూర్చారు. సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. పండితుడు శిష్యుడై కూర్చోవడం ఆ కాలానికి మామూలు సంగతి కాదు.

సవరలు ఇంటి లోపలి గోడ మీద పితృదేవతల కోసం, రోగం పోవడం కోసం, పంట కోసం బొమ్మలు వేస్తారు. వరిపిండి తెలుపుతో మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు ఒక చట్రంలో ఒదుగుతారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో వీటిని విపులంగా వివరించారు. ఇప్పుడు సీతంపేట వైపు ఈ బొమ్మలు కాగితం మీదికీ గుడ్డ మీదికీ వచ్చాయి, ప్రభుత్వ భవనాల గోడలెక్కాయి. మంచిదే. అయితే పూజలో భాగమైన బొమ్మ ఏది, అమ్మదగిన బొమ్మ ఏది అన్న నిర్ణయం వేసేవాళ్ళదే కావాలి. ఆర్డరిచ్చే కార్యాలయానిది కాకూడదు.

అమెరికాతో పోలిక

అమెరికాలోని లాటినో కళాకారుల అనుభవం ఉత్తరాంధ్ర అనుభవానికి ఆశ్చర్యమనిపించేంత దగ్గరగా ఉంది. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మె చేసినప్పుడు లూయిస్ వాల్దెజ్ ఎల్ తియాత్రో కాంపెసీనో అనే నాటక బృందాన్ని స్థాపించి, లారీల మీదే నాటికలు ఆడించారు. నటులు కూలీలే. అదే దశకంలో ఇక్కడ జముకు పొలాల్లోకి నడిచింది. 1973లో న్యూయార్క్‌లో ప్యూర్టోరికో కవులు మొదలుపెట్టిన న్యూయోరికన్ పొయెట్స్ కెఫే ఒక ఇంటి గోష్ఠిగా పుట్టింది, విజయనగరం మిత్రకూటములలాగే. 1979లో నికొలాస్ కానెయోస్ స్థాపించిన ఆర్తె పుబ్లికో ప్రెస్ హ్యూస్టన్ విశ్వవిద్యాలయం నీడకు చేరి, మరుగునపడ్డ హిస్పానిక్ రచనలను తవ్వి తీసే పెద్ద పథకం చేపట్టింది. కథానిలయం చేసిన పనీ అదే. తేడా ఏమంటే వాళ్ళకు విశ్వవిద్యాలయం వెన్నుదన్నుగా నిలిచింది, ఇక్కడ విశ్రాంత ఉపాధ్యాయుడి పురస్కారం సొమ్ముతో పని మొదలైంది. అదే హ్యూస్టన్‌లో 1994లో ఏర్పడిన వంగూరి ఫౌండేషన్ ఆఫ్ అమెరికా ప్రవాస తెలుగు రచయితల పుస్తకాలు అచ్చువేస్తూ, సాహితీ సదస్సులు నడుపుతోంది. ప్రవాసుల ఆసక్తి ఇప్పటికీ పుస్తకం మీదే ఎక్కువ. తప్పెటగుళ్ళ బృందానికి ఏడాది పొడుగునా సాధన చేసుకునే వీలు కల్పించే ప్రవాస సాయం వస్తే ఎంత బాగుండునో.

హక్కులు, ఒప్పందాలు

జానపదుల పాటలు కొన్నేళ్ళుగా సినిమాల్లోకి, యూట్యూబ్‌లోకి విరివిగా వెళుతున్నాయి. ఉత్తరాంధ్ర పాటకు రాష్ట్రమంతటా గిరాకీ ఉంది. పాట ఎవరు కట్టారో తెలియదు కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదన్న వాదన తరచు వినిపిస్తుంది. చట్టం అలా అనదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుడికి ప్రత్యేక హక్కు ఇచ్చింది. పాట పాతదే అయినా ఆ గొంతు, ఆ వాద్యం, ఆ పూట ప్రదర్శన పాడిన మనిషివి. దాన్ని రికార్డు చేయాలంటే అనుమతి కావాలి. 1999 సవరణ తర్వాత ఈ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది.

కథకు కథానిలయం చేసినట్టు, జముకులకథకూ తప్పెటగుళ్ళకూ సవర బొమ్మలకూ ఒక నిలయం లేదు. దానికి కావలసినవి పెద్దవేమీ కావు: ఏ ఊళ్ళో ఏ బృందం, గురువెవరు, ఆయన గురువెవరు, ఎన్ని కథలు వచ్చు, ఎవరి దగ్గర వాద్యం చేయించుకుంటారు అన్న వివరాలు, పూర్తి ప్రదర్శనల రికార్డు, ఆ రికార్డు మీద హక్కు బృందానిదేనని రాసిన కాగితం. ఆ కాగితం తెలుగులో ఉండాలి, బృందమంతా కూర్చున్న చోట బిగ్గరగా చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకోవాలి. సంగీత కళాశాల విజయనగరంలో ఉంది, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు సీతంపేటలోనూ పార్వతీపురంలోనూ ఉన్నాయి, సేకరణలో ఆరితేరిన కథానిలయం శ్రీకాకుళంలో ఉంది. ఈ మూడూ బృందాల గురువులతో కలిసి కూర్చుంటే, జాబితా తయారీ రాబోయే సంబరాల కాలంలోనే మొదలుపెట్టవచ్చు.